నాలుగు బర్రెలు పిండేంత సేపు

కూలర్ స్టాండు కాలు విరిగింది. వెల్డింగు చేయిద్దామని దాన్ని స్కూటరు మీద కాళ్ల దగ్గర ఇరికించుకుని మొన్న ఆదివారం పొద్దున సంతోష్‌నగర్ నుంచి ఫలక్‌నుమా వెళ్లాను. వెల్డింగు షాపతను ఏదో గేటు పనిలో ఉన్నాడు, గంట ఆగమన్నాడు. చాయ్ తాగుదామని గల్లీ మలుపు దాకా నడిచాను. అక్కడ కరెంటు స్తంభానికీ పక్కింటి పిట్టగోడకూ తాళ్లతో కట్టిన ఫ్లెక్సీ ఒకటి ఉంది. పాతబస్తీలో ఏ గల్లీలో చూసినా ఏదో ఒక ఫ్లెక్సీ ఉంటుంది, పుట్టినరోజుదో చావుదో. చదవకుండానే దాటిపోతాం. నేనూ దాటిపోయేవాణ్ని. కానీ ఆ ఫ్లెక్సీలో ఉన్న ఆవిడ నల్ల టీషర్టు వేసుకుని ఉంది. టీషర్టు మీద తెల్లగా, పెద్దగా, 'చివరి స్టాపు' అని రాసి ఉంది.

పైన 'కన్నీటి నివాళి'. కింద పదో రోజు కర్మ ఎప్పుడో, ఎక్కడో. నడుమ ఆమె గుండెల మీద 'చివరి స్టాపు'.

అది మా బ్యాండు పేరు. మా డ్రమ్మరు ఇల్లు ఫలక్‌నుమా స్టేషను పక్కనే. అప్పట్లో లోకల్ రైలు అక్కడితో ఆగిపోయేది. ప్రాక్టీసుకు అందరం ఆ చివరి స్టాపులోనే దిగేవాళ్లం కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాం.

పక్కన చాయ్ తాగుతున్న ముసలాయన నేను అలా నిలబడిపోవడం చూసి, ఇంటివాళ్లు మంచి మాట రాయించారని, ఎవరికైనా చివరి స్టాపు అదే కదా అని అన్నాడు. అది చావు గురించిన మాట కాదని ఆయనకు చెప్పాలనుకున్నాను. అప్పుడే అందుకున్న చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టానని అనుకుని వదిలేశాను. అక్కడ బల్ల లేదు. గ్లాసు పగిలిన చప్పుడుకు నలుగురు నా వైపు తిరిగారు.

ఫొటోలో ఆమె నవ్వుతోంది. ముఖం మీద ఒక పక్క నుంచి పసుపు రంగు లైటు పడుతోంది. స్టేజీ లైటు. నాకు తెలిసి ఆమె మీద స్టేజీ లైటు పడింది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఎప్పుడో, ఆ లైటు వేయించింది ఎవరో నాకు తెలుసు.

ఆమెను మేమందరం అక్కా అనే పిలిచేవాళ్లం. ఆ ఫ్లెక్సీ చదివేదాకా అసలు పేరు నాకు తెలియదు. ఇక్కడ కూడా రాయను. అక్క అంటే చాలు.

మొదటిసారి చూసినప్పుడు ఆమె రెండు పాల క్యాన్ల మధ్య నిలబడి ఉంది. జూబ్లీహిల్స్‌లో ఒక కేఫ్‌లో ఆ సాయంత్రం మా ప్రోగ్రాం. మధ్యాహ్నం సౌండ్‌చెక్ చేసుకుంటున్నాం. సొంతంగా పాటలు రాసుకుని, సినిమా పాటల జోలికి పోకుండా, ఏ కంపెనీ అండా లేకుండా పాడుకునే బ్యాండ్లు నగరంలో అప్పుడు పదో పన్నెండో ఉండేవి. ఇండీ రాక్ అని మాకు మేమే గొప్పగా చెప్పుకునేవాళ్లం. వినేవాళ్లు కూడా చాలావరకు మాలో మేమే. ఆమె ఆ కేఫ్‌కు పాలు పోయడానికి వచ్చింది. పోసి వెళ్లకుండా గోడ దగ్గర నిలబడింది. డ్రమ్మరు ఒక్కో డ్రమ్మునూ విడివిడిగా కొడుతున్నాడు, సౌండతను మీటలు తిప్పుతున్నాడు. చూసేవాళ్లకు అంతకన్నా విసుగు పుట్టించే పని ఇంకోటి ఉండదు. ఆమె ముప్పావుగంట కదల్లేదు. కేఫ్ మేనేజరు వచ్చి క్యాన్లు తీసేయమని చెప్తే, చేత్తోనే ఆగమని సైగ చేసింది.

అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చింది. నలభై దాటని మనిషి. ముతక పంజాబీ డ్రెస్సు, రబ్బరు చెప్పులు, మోచేతుల దాకా ఎండకు కమిలిన చేతులు.

"దప్పు మంచిగుంది తమ్మి," అన్నది. "నీ గొంతే, పాడుతున్నట్టు లేదు. బళ్లె సారుకు అప్పజెప్తున్నట్టుంది."

నవ్వొచ్చింది నాకు. పాలామె చెప్తోంది పాట గురించి. సాయంత్రం చూస్తే టికెట్టు కొనుక్కుని మళ్లీ వచ్చింది. ఎడమ పక్క స్పీకరుకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. ఆ తర్వాత నాలుగేళ్లలో మా ప్రోగ్రాం ఎక్కడ జరిగినా ఆమె చోటు అదే. ఫలక్‌నుమా నుంచి స్కూటీ మీద వచ్చేది. సాయంత్రం పాలు పిండడం అయ్యాకే బయలుదేరేది కాబట్టి ఒక్కోసారి మొదటి పాటకు అందేది కాదు. కానీ చివరి పాట అవ్వకముందే వెళ్లిన రోజు లేదు. బ్యాండు ఎంత చెత్తగా వాయించినా సరే. పాడేవాడు పూర్తిగా దిగేదాకా వినేవాడు కదలకూడదని ఆమె పట్టుదల.

వింటున్నప్పుడు తల ఊపేది కాదు, కళ్లు మూసుకునేది కాదు. చేతులు మాత్రం కదిలేవి. రెండు చేతులూ కిందికి వేలాడేసి, పిడికిళ్లు ఒకదాని తర్వాత ఒకటి బిగించి వదిలేది. పాలు పిండే చేతులు. తాను అలా చేస్తున్నట్టు ఆమెకు తెలియదనుకుంటాను. డ్రమ్ముతో సరిగ్గా కలిసేవి ఆ పిడికిళ్లు. పాట తేలిపోతే ఆగిపోయేవి. స్టేజీ మీద నేను ఎదురుగా ఉన్న జనాన్ని చూడటం మానేసి ఆ చేతుల్ని చూడటం ఎప్పుడు అలవాటు చేసుకున్నానో గుర్తులేదు.

ఆమె అభిప్రాయాలు మా బ్యాండ్ల మధ్య బాగా తిరిగేవి. పాటకూ పాటకూ మధ్య ఉపన్యాసం ఇచ్చేవాళ్లంటే పడదు. చప్పట్లు కొట్టమని జనాన్ని అడిగేవాళ్లంటే అసలే పడదు, చెయ్యి దానంతట అది లేవాలంటుంది. స్టేజీ మీద పొగ వదిలితే, దోమలకు మా కొట్టంలో రోజూ పెడతాను, దానికి టికెట్టెందుకు అంటుంది. ఒక గిటారు అబ్బాయి సోలో వాయించేటప్పుడు ముఖమంతా ముడుచుకుని బాధపడేవాడు. ముఖానికి అంత నొస్తోంది గానీ వేళ్లకు ఏమీ నొస్తున్నట్టు లేదని అతని ముందే అన్నది. సౌండ్‌చెక్కే అసలైన కచేరీ అని ఆమె నమ్మకం. పాట ఇంకా ముక్కలుగా ఉన్నప్పుడు, ఎవరూ మెచ్చుకోవాలని వాయించనప్పుడు వినాలంటుంది. ఇంగ్లీషు పాటలు అర్థం కావు కదా అక్కా, ఎలా వింటావని ఒకసారి అడిగాను. అబద్ధం ఏ భాషలో చెప్పినా గొంతు పట్టిస్తుందని చెప్పింది.

డ్రమ్ముల మీద ఆ చెవి ఎక్కడిదంటే, సదర్ పండుగ నుంచి వచ్చిందనేది. దీపావళి వెళ్లాక దున్నపోతులకు పూసలు కట్టి, కొమ్ములకు రంగులేసి ఊరేగిస్తారు. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి పాల వ్యాపారమే కాబట్టి ఆమె చిన్నప్పటి నుంచి ఆ దప్పుల మధ్యనే నడిచింది. సదర్‌లో దప్పు కొట్టేవాడు చెయ్యి నొస్తోందని ఆపడు, దున్నపోతు ఆపితేనే ఆపుతాడు, మీకు ఆపమని చెప్పే దున్నపోతు లేదు అని మా డ్రమ్మరుతో అనేది. వాడు ఆ మాటను పొగడ్తగానే తీసుకున్నాడు.

రికార్డుల విషయంలో ఆమెకు ఒక కొలత ఉండేది. రికార్డు ఎంత నిడివి ఉండాలంటే నాలుగు బర్రెలు పిండేంత సేపు. అంతకన్నా ఎక్కువైతే ఆశపోతుతనం, తక్కువైతే పాడేవాడి దగ్గర సరుకు లేదు. అప్పుడే కొత్త కుర్రాళ్లు మళ్లీ పెద్ద నల్ల రికార్డులు అచ్చు వేయించడం మొదలుపెట్టారు. వాటిలో ఒకదాన్ని ప్లేయరు లేకుండానే కొన్నది. తర్వాత జుమ్మేరాత్ బజార్‌లో వెతికి పాత ప్లేయరు తెచ్చి, పాతబస్తీలోనే మదీనా చౌరస్తా దగ్గర ఎవరో ముసలాయన చేత బాగుచేయించింది. పాట మొదలయ్యే ముందు ముల్లు చేసే చప్పుడు, బాణలిలో నూనె వేడెక్కుతున్నట్టుంటుందని, అందులో సగం ఆకలి ఉందని చెప్పేది.

మా మొదటి రికార్డు పాటలు పూర్తయ్యాయి కానీ వరస కుదరలేదు. ఏ పాట ముందు, ఏ పాట వెనుక అని నలుగురం కొట్టుకుంటున్నాం. ఆమె ఒక్క మాటే చెప్పింది, తెల్లారి కొట్టానికి రమ్మని. వెళ్లాను. గల్లీ లోపల రేకుల కొట్టం, ఆరు బర్రెలు, తడి నేల. చిన్న స్పీకరు ఒకటి గుంజకు కట్టి ఉంది. ఫోను అడిగి తీసుకుంది, పాటలు పెట్టింది, నన్ను ఒక మూల గడ్డి కట్ట మీద కూర్చోబెట్టి మాట్లాడవద్దంది.

బర్రె ఊరికే పాలివ్వదు. పొదుగును నిమిరితే, చెయ్యి నచ్చితే, అప్పుడు పాలు దిగుతాయి. దాన్ని చేపడం అంటారు. మూడో బర్రె మొండిది, అక్క చేతికి తప్ప ఎవరికీ చేపదు. ఆ రోజు అక్కకు కూడా చేపలేదు. పాటలు ఒకటి తర్వాత ఒకటి పోతున్నాయి. ఆమె ఓపికగా పొదుగు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఐదో పాట వచ్చింది. మేము ఎక్కడో మధ్యలో దాచిన పాట, మా నాన్న కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి సంతోష్‌నగర్‌లో మొదటి అద్దె ఇల్లు వెతుక్కోవడం గురించి నేను రాసుకున్నది. బకెట్లో పాలధార మోగింది. అక్క తల తిప్పకుండానే అన్నది.

"చేపింది. గిది ముందల పెట్టు."

ఆ పాటనే మొదట పెట్టాం. రికార్డు బయటికొచ్చాక అందరూ ఆ వరసనే మెచ్చుకున్నారు. మొదటి పాటతోనే చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్తారు వీళ్లు అని ఎవరో రాశారు. ఆ ఆలోచన ఎవరిదని అడిగినప్పుడల్లా, బ్యాండంతా కూర్చుని నిర్ణయించుకున్నామని చెప్పాను. కొట్టం సంగతి ఎక్కడా చెప్పలేదు. సిగ్గేసిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

రెండో రికార్డుకు బొంబాయి నుంచి ఒక కంపెనీ వచ్చింది. పెద్ద స్టూడియో, వాళ్ల మనుషులే అన్నీ సరిచేశారు. సగం పాటలు ఇంగ్లీషులోకి మార్చుకున్నాం. విడుదలకు పది రోజుల ముందు అక్కకు పంపాను. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసింది. మూడుసార్లు విన్నానని, బర్రెలకు వినిపించలేదని, పాపం వాటికెందుకని చెప్పింది. తర్వాత అన్నది.

"గొంతు నీదే తమ్మి. లోపల నువ్వు లేవు. ఎవరో నిన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టి వాళ్లు ఉంటున్నట్టుంది."

నీకు తెలియదులే అక్కా, కాలం మారింది అని పెట్టేశాను. ఆమె చెప్పింది తప్పయితే అంత కోపం రాకపోయేది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటర్నెట్లో ఇలాంటి ప్రోగ్రాముల మీద రాసే కుర్రాడొకడు ఏదో కచేరీలో ఆమెను కదిలించి, 'చివరి స్టాపు' కొత్త రికార్డు ఎలా ఉందక్కా అని అడిగాడు. దానికి నా బర్రె చేపదు అని ఆమె అన్నది. వాడు దాన్నే హెడ్డింగు చేసి పెట్టాడు. అలా పెడతాడని ఆమెకు తెలియదు. రెండు రోజుల్లో మా చిన్న లోకమంతా అదే మాట. వేరే బ్యాండ్ల వాళ్లు నాకు బర్రె బొమ్మలు పంపారు. కంపెనీ మనిషి ఫోన్ చేసి ఎవరీ బఫెలో లేడీ అని అడిగాడు.

విడుదల కార్యక్రమం మాదాపూర్ వైపు ఒక హాల్లో జరిగింది. రెండు వందల మంది దాకా వచ్చారు. మాకు అంత జనం అంతకు ముందు ఎప్పుడూ లేరు. అక్క వచ్చింది. మొదటి రికార్డప్పుడు మేమిచ్చిన నల్ల టీషర్టు పంజాబీ డ్రెస్సు మీద వేసుకుని వచ్చింది. తన చోటులో నిలబడింది. మొదటి పాట పాడాను, ఆమె పిడికిళ్లు కదల్లేదు. రెండో పాట పాడాను, కదల్లేదు. ఆ రెండు వందల మంది గంతులేస్తున్నారు, నాకు మాత్రం కదలని ఆ రెండు చేతులే కనిపిస్తున్నాయి.

రెండో పాట అయ్యాక మైకు దగ్గరికి వచ్చాను. ముందుగా అనుకున్నది కాదు. అనుకోలేదని చెప్పుకోవడం కూడా ఒక సాకే.

"మన మధ్య ఒక పెద్ద క్రిటిక్ ఉన్నారు," అన్నాను. "ఆమె బర్రె పాలిస్తేనే పాట బాగున్నట్టు. అక్కడ, ఎడమ పక్క. లైటు వేయండి. అందరం కలిసి ఆ బర్రెలను అడుగుదాం, పాట నచ్చిందో లేదో."

లైటు ఆమె మీద పడింది. హాలంతా ఒక్కసారి బర్రెల్లాగా అరిచింది. రెండు వందల గొంతులు. నవ్వులు, ఈలలు, మళ్లీ అరుపులు. ఫోన్లన్నీ ఆమె వైపు లేచాయి. ఎంతసేపో తెలియదు. నేను ఆమె వైపు చూడలేదు. గిటారు వైపు చూశాను, కాళ్ల దగ్గర వైర్ల వైపు చూశాను. డ్రమ్మరు నా వీపు వెనుక నుంచి చాలు ఆపు అన్నాడు. మూడో పాట మొదలుపెట్టాం.

మిగతా కచేరీ అంతా నేను ఎడమ పక్కకు తల తిప్పలేదు. చివరి పాట అయ్యాక చూస్తే ఆమె ఇంకా అక్కడే ఉంది. అందరూ వెళ్తుంటే అప్పుడు కదిలింది. నా దగ్గరికి రాలేదు.

ఆ తర్వాత మా ప్రోగ్రాముల్లో ఆమె కనిపించలేదు. అవి కూడా ఎన్నో జరగలేదు. రెండో రికార్డును ఎవరూ రెండోసారి వినలేదు. కంపెనీ ఫోన్లు ఎత్తడం మానేసింది. మాలో మాకు మాటలు పెరిగాయి, ఏడాది తిరగకుండానే బ్యాండు ఆగిపోయింది. నేను హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరాను. గిటారు బీరువా మీదికెక్కింది. ఫలక్‌నుమా నాకు పావుగంట దూరం. ఐదేళ్లలో ఆ పావుగంట వెళ్లి క్షమించమని అడగలేకపోయాను. వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూనే ఉన్నాను.

ఫ్లెక్సీ ముందు నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది. చాయ్ దుకాణం అతనే ఇల్లు చూపించాడు. నాకు దారి తెలుసని చెప్పలేదు. కర్మ అప్పటికి మూడు రోజుల కిందటే అయిపోయింది. వాకిట్లో తిరగేసిన ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అక్క తమ్ముడు బయటికి వచ్చాడు. ఎప్పుడో కొట్టంలో చూసిన సన్నటి కుర్రాడు, ఇప్పుడు మీసాలతో మనిషంతా నిండుగా ఉన్నాడు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు. గుర్తుపట్టాడు. లోపలికి రమ్మన్నాడు.

ఎలా జరిగిందో అతనే చెప్పాడు. తెల్లారి పాలు పిండుతూ, ఛాతీ పట్టేసినట్టుందని లేచిందట. నీళ్ల తొట్టి దాకా నడిచి అక్కడే కూలబడింది. ఆటో ఎక్కించే లోపలే అయిపోయింది. ముందు రోజు సాయంత్రం కూడా ఏదో కొత్త బ్యాండు కచేరీకి వెళ్లొచ్చిందని, వచ్చి ఆ పిల్లల గురించి ఎప్పటిలాగే తిట్టుకుంటూ అన్నం తిన్నదని చెప్పాడు.

వాళ్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. చూపు సరిగా ఆనదు. తమ్ముడు ఆమె దగ్గరికి వంగి నేనెవరో చెప్పాడు. ఫొటోలో బనీను మీద పేరున్న పాటలాయన అని. ఆమె చేతులు చాపి నా చెయ్యి వెతికి పట్టుకుంది. తిడుతుందని సిద్ధపడ్డాను. తిట్టాలనే కోరుకున్నాను.

"నువ్వేనా బిడ్డా," అన్నది. "నా బిడ్డ ముచ్చట మైకుల చెప్పినోనివి నువ్వేనా."

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఆ రోజు కూతురు ఇంటికొచ్చి అంతా చెప్పిందట. స్టేజీ మీది నుంచి తన గురించి మాట్లాడారని, తన మీద లైటు వేశారని, మన బర్రెల పేరు చెప్పగానే పెద్ద పెద్దోళ్ల పిల్లలంతా బర్రెల్లాగా అరిచారని. వాళ్లు బాగానే అరిచారు గానీ నిజం బర్రె అలా అరవదని, దాని గొంతు కడుపులోంచి వస్తుందని చెప్పి ఇంట్లో అందరినీ నవ్వించిందట. అప్పుడు ఎవరో తీసిన ఫొటో అడిగి తెచ్చుకున్నది కూడా తనేనట. ఇంట్లో ఆమె నవ్విన ఫొటో అదొక్కటే ఉంది. తరాల నుంచి పాలు పోస్తున్నాం, మా గురించి మైకులో మాట్లాడినవాడు నువ్వొక్కడివే, సల్లగుండు బిడ్డా అని నా చెయ్యి తన తల మీద పెట్టుకుంది.

ఆ తల మీద నుంచి చెయ్యి తీయలేక, ఉంచలేక ఎంతసేపు కూర్చున్నానో. తమ్ముడు నా వైపే చూస్తున్నాడు.

బయటికొచ్చాక కొట్టం దగ్గర అతన్ని ఆపాను. అమ్మకు తెలిసింది నిజం కాదని, ఆ రోజు నేను మెచ్చుకోలేదని, అందరి ముందూ ఎగతాళి చేశానని, అందరి చేతా చేయించానని చెప్పాను. అతను బర్రె మెడ మీద చెయ్యి వేసి వింటున్నాడు.

"నాకెరుకే అన్నా," అన్నాడు. "తెల్లారే వీడియో వచ్చింది నాకు. దోస్తులే పంపిన్రు."

గడ్డి కట్ట మీద కూర్చున్నాను. అతను మెల్లగా, కోపం లేకుండా మిగతాది చెప్పాడు. వీడియో చూసి స్కూటీ తాళాలు తీసుకుని సంతోష్‌నగర్ బయలుదేరాడట, నన్ను కొట్టడానికే. ముగ్గురు దోస్తులను కూడా పిలిచాడు. అక్క వాకిట్లో అడ్డం నిలబడింది. తాళాలు లాక్కుంది. అమ్మకు తాను చెప్పిందే చెప్పమని, ఇంకో మాట రావద్దని ఒట్టు వేయించుకుంది. అంత అవమానం చేసినోణ్ని ఎందుకు వదలాలని అతను అడిగితే, ఆమె చెప్పిన మాట అతనికి ఇప్పటికీ అర్థం కాలేదట. నన్నే అడిగాడు.

"మూడో పాటల నువ్వు ఒక సుట్టు ముందే ఎత్తుకున్నవంట. ఎవ్వరికీ తెల్వలేదంట. గది ఇన్నంక అక్కకు కోపం పోయిందంట. సిగ్గు లేనోడైతే గట్ల తప్పకపోవు, వానికి లోపల మస్తు దెబ్బ తాకింది అన్నది. ఏందన్నా గా ముచ్చట, నిజమేనా?"

నాకు తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు. ఆ రాగం, ఆ మాటలు నాకు నిద్రలో కూడా వస్తాయి, అలాంటిది తప్పానని ఎవరూ నాతో అనలేదు.

వెళ్లేముందు ఇంకొకటి అడగాలనిపించింది. అక్క మళ్లీ ఎందుకు రాలేదని అడిగాను. కోపం లేకపోతే వచ్చి ఉండాల్సింది కదా అన్నాను. అతను బకెట్టు కడుగుతున్నవాడు ఆగాడు.

"నేను గూడ అడిగిన. నన్ను సూస్తే వాడు పాడలేడురా, కొన్ని రోజులు పోనీ అన్నది. మీరే బందు పెడ్తిరి."

కూలర్ స్టాండు సంగతి మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. మధ్యాహ్నం అన్నం కలిపి అలాగే వదిలి లేచాను. నా భార్య ఏమైందని అడిగితే తెలిసినవాళ్లు పోయారని చెప్పాను.

ఆ కచేరీ మొత్తం రికార్డింగు, ఫలక్‌నుమా వదిలి వేరే ఊరికి వెళ్లిపోయిన మా డ్రమ్మరు దగ్గర ఉంటుంది. ఐదేళ్లుగా అడగనిది ఇప్పుడెందుకని వాడు అడగలేదు, పంపాడు. తలుపు వేసుకుని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నా మాటలు వచ్చాయి, లైటు వేయండి అనడం వచ్చింది, ఆ అరుపులు వచ్చాయి. తప్పించుకోకుండా అంతా విన్నాను. తర్వాత మూడో పాట. డ్రమ్ములు నాలుగు చుట్లు తిరగాలి, ఐదో చుట్టుకు నేను ఎత్తుకోవాలి. వేళ్లతో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

నాలుగో చుట్టు మొదట్లోనే నా గొంతు వచ్చేసింది. వణుకుతోంది, తరిమినట్టు వచ్చింది. డ్రమ్మరు చెయ్యి రెప్పపాటు తడబడి నాతో కలిసిపోయింది, బాసు గిటారు వెంటనే సర్దుకుంది, పాట సాగిపోయింది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. మళ్లీ అంతే. ఆ రికార్డు పాటలన్నిటిలో, కంపెనీవాళ్లు ఎంతో శ్రద్ధగా సరిచేసిన ఆ గొంతులో, అది నేనే అని పోల్చుకోగలిగింది ఆ ఒక్క చోటే.

డ్రమ్మరుకు ఫోన్ చేశాను. వాడికి గుర్తులేదు. తప్పినట్టే తెలియలేదని, ఎవరు చెప్పారని అడిగాడు. అక్క అన్నాను. ఎలా ఉంది అక్క అని అడిగాడు వాడు.